కళాసీ ఎవరి లెక్కలోకి వస్తాడు?

కార్తీకం దగ్గర పడిందంటే చాలు, విజయవాడ పున్నమి ఘాట్‌లోనూ బెర్మ్ పార్క్‌లోనూ పాత పేచీ మళ్లీ పైకి తేలుతుంది. బోటు నడిపే సరంగుకు, తాడు విసిరి కట్టే కళాసీకి ఓనరు బీమా చేయించాలా, అక్కర్లేదా?

కృష్ణలో పడవల చరిత్రంతా ఇక్కడ తవ్వనక్కర్లేదు. 2017 నవంబరు 12 నుంచి మొదలుపెడితే చాలు. ఆ కార్తీక ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర హారతి చూడటానికి జనాన్ని తీసుకెళ్తున్న ప్రైవేటు బోటు తిరగబడింది. 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. బోటుకు అనుమతి లేదని ఆ రాత్రే బయటపడింది. ఎంతమందిని ఎక్కించారు, జాకెట్లు ఇచ్చారా, ఎవరి అండతో తిప్పారు... అందరూ ఇవే అడిగారు. అడగాల్సినవే. బోటు మీద పనిచేసేవాళ్ల మాట మాత్రం కేసులో నిందితులుగానే వచ్చింది. వాళ్లు ఎవరి దగ్గర జీతగాళ్లు, వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులో ఉన్నాయి అన్నది ఎవరికీ పట్టలేదు. ఇవాళ్టి పేచీ అక్కడే పుట్టిందని నా అభిప్రాయం. నది మీద భద్రత అంటే టికెట్టు కొన్నవాళ్ల భద్రతేనని అప్పుడే ఖాయమైపోయింది.

రెండేళ్లు నిండకుండానే గోదావరిలో కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న 77 మందితో వెళ్లిన బోటు మునిగితే 26 మందే బయటపడ్డారు. పోయినవాళ్లలో బోటు సిబ్బందీ ఉన్నారు. రాష్ట్ర ప్రభుత్వం 10 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. ఆ తర్వాత రేవుల్లో కంట్రోల్ రూములు వచ్చాయి, తనిఖీలు పెరిగాయి. దాంతోపాటు ఒక పొరపాటు అభిప్రాయం కూడా పాతుకుపోయింది. ఏదైనా జరిగితే సర్కారే చూసుకుంటుంది, మధ్యలో ఓనరుకేం సంబంధం అని.

సంబంధం చట్టంలోనే ఉంది. 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం రెండో షెడ్యూలు చూడండి. పది మందికి మించి ఎక్కే రేవు పడవ నడిపే పనిలో ఉన్నవాళ్లు అందులో ఉన్నారు. పనిలో ఉండగా ప్రమాదంలో పోతే పరిహారం కట్టాల్సింది యజమాని. బీమా ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. ‘వాడు రోజుకూలీ, ఇవాళ నా బోటు, రేపు ఇంకొకడి బోటు’ అని ఓనర్లు అంటారు. ఆ మాట ఒకప్పుడు చెల్లేదేమో. క్యాజువల్ కూలీలను పక్కనపెట్టే వాక్యాన్ని 2000లోనే సవరణతో తీసేశారు. 2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయినా బరువు మాత్రం ఓనరు భుజం మీదే ఉంది.

ఆ బరువెంతో ఒక లెక్క వేద్దాం. 30 ఏళ్ల కళాసీ, నెలకు 15,000. చట్టం లెక్కలోకి తీసుకునే గరిష్ఠ వేతనం అదే, 2020 జనవరి నుంచి. మనిషి పోతే లెక్కకు తీసుకునేది అందులో సగం, అంటే 7,500. ఆ వయసుకు చట్టం పట్టికలో ఉన్న అంకె 207.98. రెండూ గుణిస్తే 15,59,850 రూపాయలు. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, ఆపైన జరిమానా. ఒకటి రెండు బోట్లున్న ఓనరు ఇంత సొమ్ము ఎక్కడ తెస్తాడు? అంటే బీమా అవసరం కళాసీకి ఎంత ఉందో ఓనరుకూ అంతే ఉంది.

ఓనర్ల గోడు అబద్ధమేమీ కాదు. పైనుంచి వరద వస్తే బోట్లు ఒడ్డునే కట్టేయాలి, ఆ రోజుల్లో పైసా రాదు. 2021 నాటి కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2022 జూన్‌లో అమల్లోకి వచ్చింది. మరబోటుకు బీమా ఉండాలని అందులోనూ ఉంది. ఆ కాగితం చూపించి ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అంటారు. ఆ పాలసీలో సిబ్బంది ఉన్నారో లేదో కాగితాలు తిరగేస్తే గానీ తెలియదు. కొందరైతే బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమాను చూపిస్తారు. అది కూలీ తన డబ్బుతో కట్టుకునేది, వచ్చేది 2 లక్షలు. దానితో ఓనరు బాకీ తీరదు. మనుషులు మారుతుంటారన్న సాకు కూడా నిలవదు. కార్మికుల పరిహార పాలసీని పేర్లు లేకుండా, తలలు, కూలి మొత్తం లెక్కన కూడా ఇస్తారు.

ఆమధ్య భవానీ ద్వీపానికి వెళ్లినప్పుడు చూశాను. బోటులో ప్రతి ఒక్కరికీ జాకెట్ తొడిగి, బకిల్ పెట్టి, పిల్లల పట్టీలు బిగించి కట్టింది కళాసీ కుర్రాడే. అతని ఒంటి మీద తడిసిన టీషర్టు తప్ప ఏమీ లేదు. నీకేదని అడిగితే, ‘మాకెందుకు సార్, ఈతొచ్చుగా’ అన్నాడు. కూలి ఎలా ఇస్తారని కూడా అడిగాను. సాయంత్రం చేతికేనట. రేపు కేసు లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్తే, అతను ఆ బోటు మీద పనిచేశాడని ముందు రుజువు చేయాల్సింది ఇంట్లోవాళ్లే. ఫోన్‌పేలో పడినా ఒక మెసేజ్ అయినా మిగిలేది.