ఆరుబయట సినిమాకి వెళ్లే ముందు

పిల్లలూ,

ఈ ఎండాకాలంలో ఒక సాయంత్రం అందరూ కలిసి ఆరుబయట సినిమాకి వెళ్లాలనుకుంటున్నారట. ఏ సినిమా అన్న దగ్గరే వాదులాట తెగడం లేదని మీ అమ్మ చెప్పింది. సినిమా సంగతి కాసేపు పక్కన పెట్టండి. హాల్లో అయితే లైట్లు ఆర్పడానికి ఒక మనిషి ఉంటాడు. ఆరుబయట ఆ పని సూర్యుడిది, ఆయన మన కోసం ఒక్క నిమిషం కూడా తొందరపడడు. అందుకని ముందు ఆ రోజు చీకటి ఎన్నింటికి పడుతుందో తెలుసుకుని, మిగతావన్నీ అక్కణ్ణించి వెనక్కీ ముందుకీ లెక్క వేసుకోవాలి.

సూర్యుడు మునిగిపోగానే చీకటి పడిపోదు. కింద నీడ పరుచుకున్నా, పైన గాలిపొరల మీద ఇంకా ఎండ పడుతూనే ఉంటుంది, ఆ వెలుగే మన మీదికి దిగుతుంది. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి జారేదాకా దీపం లేకుండానే ఎదుటివాళ్ల ముఖం పోల్చుకోవచ్చు. తెర మీద బొమ్మ ముదురుగా కనబడాలంటే ఇంకా కిందికి పోవాలి. భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్లలో సూర్యుడు దాదాపు నిలువుగా దిగుతాడు కాబట్టి ఆ 6 డిగ్రీలూ 20, 25 నిమిషాల్లో అయిపోతాయి. ఉత్తరానికి పోయేకొద్దీ ఏటవాలుగా జారతాడు, సంజవెలుగు సాగుతూనే ఉంటుంది. హెల్సింకీలో జూన్ 21 ప్రాంతంలో నడిరాత్రి కూడా సూర్యుడు 6 డిగ్రీలకు కాస్త ఎక్కువ మాత్రమే దిగుతాడు. అంటే అక్కడ ఆ రోజుల్లో సినిమాకి సరిపడే చీకటి అసలు పడదన్నమాట. మీరు ఎక్కడున్నా సరే, ఆ తేదీకి సూర్యాస్తమయం ఎన్నింటికో చూసి, దానికి కనీసం అరగంట కలుపుకోండి. టికెట్ మీద ఉన్న టైము చాలాసార్లు గేటు తీసే టైమే, బొమ్మ పడే టైము కాదు. అది అడిగి తెలుసుకోండి.

ఇంత చీకటి ఎందుకని అడుగుతారేమో. ప్రొజెక్టర్ వెలుగును వెయ్యగలదు కానీ నలుపును వెయ్యలేదు. తెర మీద మనం నలుపు అనుకునేది, వెలుగు పడకుండా వదిలేసిన చోటు. ఆ చోట ఆకాశపు వెలుగు పడుతుంటే అక్కడ నలుపు ఉండదు, బూడిదరంగు ఉంటుంది. తెల్లని చొక్కా బాగానే కనబడుతుంది, నల్లని కోటు మాత్రం వెలిసిపోయినట్టుంటుంది. అందుకే మీ వాదులాటలో నా ఓటు ఇలా వేసుకోండి: కథంతా రాత్రిపూట, గదుల్లో, నీడల్లో నడిచే సినిమా ఆరుబయటకి పనికిరాదు. ఎండలో, రంగుల్లో, పెద్ద పెద్ద మైదానాల్లో నడిచేది ఎంచుకోండి. సన్నని గుసగుసల మీద నడిచే సినిమా కూడా వద్దు, దూరంగా ఒక బండి పోతే చాలు, మాట మింగేస్తుంది.

పౌర్ణమి నాడు వెళ్లొచ్చా అని చిన్నది అడిగిందట. నిశ్చింతగా వెళ్లండి. వెన్నెల కన్నా పక్కనున్న వీధిదీపం ఎన్నో రెట్లు ఎక్కువ చెరుపు చేస్తుంది. మీరు చూసుకోవాల్సింది తెర ఏ దిక్కుకు ఉందన్నది. తెర ముఖం తూర్పుకు ఉండి, పడమటి వెలుగు దాని వీపు మీద పడితే బొమ్మ తొందరగా తేరుకుంటుంది. తెర పడమరకు ముఖం పెట్టి ఉంటే సంజవెలుగంతా తిన్నగా దాని మీదే పడుతుంది. అలాంటి చోట మొదటి అరగంట మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు.

ఇక ఎక్కడ కూర్చోవాలన్నది. అందరూ బొమ్మ గురించే ఆలోచిస్తారు, నేను శబ్దం గురించి చెబుతాను. వెలుగు వెంటనే వచ్చేస్తుంది. శబ్దం, వాతావరణం 20 డిగ్రీలున్నప్పుడు, సెకనుకు సుమారు 343 మీటర్లే నడుస్తుంది. స్పీకర్లు తెర దగ్గర మాత్రమే ఉండి, మీరు 34 మీటర్ల దూరంలో కూర్చుంటే మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి కదా, అంటే పెదవులు రెండు బొమ్మల కన్నా ఎక్కువే ముందుంటాయి. ఇంకా వెనక్కి పోతే తలుపు మూసుకున్నాక ధడేల్‌మని వినబడుతుంది. పెద్ద మైదానాల్లో మధ్యలో కూడా స్పీకర్లు పెట్టి, వాటిని కావాలనే అంతమేర ఆలస్యంగా పలికిస్తారు, అప్పుడు బాధ లేదు. అవి కనబడకపోతే ఆఖరి వరసలు వద్దు. మరీ ముందు వరస కూడా వద్దు, మెడలు పట్టేస్తాయి.

ఈ శబ్దం గొడవ పాతదే. అమెరికాలో న్యూజెర్సీలోని కామ్డెన్ దగ్గర 1933 జూన్ 6న రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన, కార్లలోనే కూర్చుని చూసే సినిమా మొదలుపెట్టాడు. అంతకుముందు ఇంటి ముంగిట్లోనే పరీక్షలు చేశాడు. కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టి, చెట్లకు తెర బిగించి, తెర వెనక రేడియో పెట్టి, పచ్చికకు నీళ్లు చల్లే యంత్రంతో దొంగవాన కురిపించి మరీ చూశాడట. ముందు కారు వెనక కారుకు అడ్డం రాకుండా కార్ల ముందు చక్రాలు ఎత్తుగా ఉండేలా నేలను వాలుగా కట్టించాడు. ఇన్ని ఆలోచించినా శబ్దం దగ్గర చిక్కు వచ్చింది. స్పీకర్లన్నీ తెర దగ్గరే ఉండడంతో వెనక కార్లకు ఆలస్యంగా వినబడేది, పక్కనున్న ఇళ్లకు మాత్రం నిద్రపట్టనంత బాగా వినబడేది. 1940ల్లో కారుకొక చిన్న స్పీకరు వచ్చాకే అది కుదుటపడింది. ఆ తరవాత కారు రేడియోలోనే వినే పద్ధతి వచ్చింది. మీరు కారులో కూర్చుని చూసే చోటికే వెళ్తే, మూడు గంటలు రేడియో నడిపితే బ్యాటరీ దిగిపోయే ప్రమాదముంది. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి పట్టుకెళ్లండి.

వాన వస్తే ఏమిటని అందరూ అడుగుతారు, గాలి గురించి ఎవరూ అడగరు. నాకైతే గాలంటేనే టెన్షన్. తెర అంటే నిలబెట్టిన తెరచాప. గాలి వేగం రెట్టింపైతే దాని మీద పడే తోపు నాలుగు రెట్లవుతుంది. 8 మీటర్ల వెడల్పు, నాలుగున్నర మీటర్ల ఎత్తు ఉన్న తెర మీద గంటకు 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే, 200 కిలోల బరువుకు పైగా తోస్తున్నట్టే. గాలి నింపి నిలబెట్టే తెరలైతే తాళ్ల మీదే ఆధారం. ఆకాశం నిర్మలంగా ఉన్నా, చుక్క వాన లేకపోయినా, గాలి వల్ల ఆట రద్దు చేశామంటే వాళ్లతో పోట్లాడకండి. వాళ్లు చేసింది సరైన పనే. ఆ రోజు పొద్దున్నే వాతావరణ సూచనలో వాన గడి పక్కనే ఉండే గాలి గడి కూడా చూడండి.

వాన సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని లొకార్నోలో ఊరి మధ్య చౌకులో సుమారు 8000 మంది కూర్చుని చూస్తారు, అక్కడి తెర 26 మీటర్ల వెడల్పు. చినుకులకు లేవరు, రెయిన్‌కోట్లు తగిలించుకుని కూర్చుంటారు. ఆస్ట్రేలియాలోని బ్రూమ్ ఊళ్లో 1916 నుంచి నడుస్తున్న సన్ పిక్చర్స్ అనే తోట సినిమా ఉంది. అక్కడ ఒకప్పుడు పెద్ద పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్లు ప్రేక్షకుల కాళ్ల కిందికి వచ్చేవి. అలాంటివి తమాషాగానే ఉంటాయి కానీ ఉరుముల దగ్గర తమాషా లేదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల లోపే ఉంటే లేచి పక్కా భవనంలోకో, లోహపు పైకప్పున్న కారులోకో పొండి. చెట్టు కిందికి పోవద్దు. ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి గానీ బయటికి రాకండి. కథ ఎంత రసపట్టులో ఉన్నా సరే.

బట్టల గురించి ఒక మాట. పగలు ఎండ మాడ్చేసింది కదా అని పలుచని బట్టలతో బయలుదేరతారు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి తొందరగా చల్లబడుతుంది. కదలకుండా మూడు గంటలు కూర్చునేవాళ్లకు ఆ చలి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. పచ్చిక మీద మంచు కూడా పడుతుంది. కింద పరుచుకోవడానికి తడి పీల్చని పట్టా, దాని మీద మందపాటి దుప్పటి, తలా ఒక శాలువా ఉంటే చాలు. దోమల మందు ఇంట్లోనే రాసుకుని బయలుదేరండి, చీకట్లో రాసుకుంటే సగం కళ్లలోకి పోతుంది. తినేవి కరకర చప్పుడు చేసే కవర్లలో తేకండి, డబ్బాలో పోసుకోండి.

ఫోన్ల గురించి చెబితే మీకు కోపం వస్తుంది, అయినా చెబుతాను. చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడడానికి 20, 30 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ వెలిగించి చూస్తే అదంతా పోతుంది, మీకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకూ. చిన్నవాణ్ణి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లాల్సి వస్తే టార్చ్ మీద ఎర్రని పారదర్శక కాగితం చుట్టుకోండి. చీకట్లో పనిచేసే కణాలకు ఎరుపు అంతగా తగలదు, నక్షత్రాలు చూసేవాళ్లు అలాగే చేస్తారు.

ఇక తిరిగి రావడం. ఉదాహరణకి బొమ్మ ఎనిమిదిన్నరకి పడి, సినిమా రెండున్నర గంటలుండి, మధ్యలో విరామం కూడా ఉంటే బయటపడేసరికి పదకొండుంపావు. అప్పటికి బస్సు ఉందో లేదో చూసుకున్నాకే టికెట్లు కొనండి. చిన్నవాడు ఎలాగూ సగంలో నిద్రపోతాడు, వాణ్ణి ఎవరు ఎత్తుకోవాలో ఇంట్లోనే తేల్చుకోండి. ఆట అయ్యాక అందరితో పాటు గేటు మీద పడకుండా పది నిమిషాలు కూర్చునే ఉండండి, లైట్లు వేశాక చెప్పులూ చెత్తా వెతుక్కోవడం సులువు.

తారీకు ఖాయమయ్యాక నాకు ఫోన్ చెయ్యండి. నేనూ వస్తాను. కానీ నేల మీద కూర్చోవడం నా వల్ల కాదు, మధ్య వరసలో వీపు ఆనించుకునే కుర్చీ ఒకటి చూసి పెట్టండి.

మీ అమ్మమ్మ