గుర్రపు నాడా కింద నలుపు

వరంగల్ చుట్టుపక్కల పాత ఇళ్లలో టేకు గడపను వంగి చూస్తే, దిష్టికి కొట్టిన గుర్రపు నాడా చుట్టూ వేలెడు మేర నల్లబడి ఉంటుంది. మేకు దిగిన చోట ఆ నలుపు ఇంకా చిక్కగా ఉంటుంది. వారం వారం గడప కడుగుతారు, పసుపు రాస్తారు, పండగొస్తే కొబ్బరినీళ్లు కూడా పడతాయి. ఎంత కడిగితే అంత ముదురుతుంది. మురికనుకొని సబ్బూ పీచూ పట్టుకొని కూర్చునేవాళ్లే ఎక్కువ. నిజానికి అక్కడ తయారవుతున్నది సిరా.

పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవాళ్లు. కరక్కాయ నిండా టానిన్లనే వగరు పదార్థాలు, అన్నభేదిలో ఇనుము. రెండూ కలిసి గాలి తగిలితే ఐరన్ టానేట్ అనే నల్లటి పదార్థం పుడుతుంది. గడప మీద జరిగేది కూడా ఇదే. నాడా తుప్పు తడికి కొద్దికొద్దిగా కరిగి చెక్కలోకి ఇంకుతుంది, చెక్కలోని టానిన్లు దాన్ని పట్టుకుంటాయి. మొదట రంగు పెద్దగా తెలియదు. గాలిలోని ఆక్సిజన్ అందేకొద్దీ నలుపు తిరుగుతుంది. అందుకే నీళ్లు ఒలికిన రోజు కనిపించని మరక నాలుగు రోజులయ్యాక బయటపడుతుంది. నల్లమద్ది లాంటి చెక్కలో టానిన్లు చాలా ఎక్కువ. తాడ్వాయి, జన్నారం అడవుల టేకులో అంత లేకపోయినా ఈ మాత్రం నలుపుకు సరిపోతాయి. పై అంతస్తులో చెక్కల నేల ఉన్న ఇళ్లలో బీరువా కాళ్ల కింద, బియ్యం డబ్బా అడుగున పడే గుండ్రటి మచ్చలదీ ఇదే కథ.

అనుమానముంటే ఒక మూల నిమ్మరసం చుక్క వేసి కాసేపు ఆగండి. నలుపు పలచబడితే అది ఇనుము పనే. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును టానిన్ నుంచి విడదీస్తుంది. అయితే దాని బలం పాత మరకకు చాలదు. వడ్లాయన వాడేది ఆక్సాలిక్ ఆమ్లం, పెయింట్ల దుకాణాల్లో తెల్లటి పలుకులుగా దొరుకుతుంది. చుక్కకూరకు కొంత పులుపునిచ్చేది ఇదే, పాలకూరలోనూ ఉంటుంది. ఆకులో ఉన్నంత వరకు పర్వాలేదు, పలుకులుగా మాత్రం విషమే, కిడ్నీలను దెబ్బతీస్తుంది. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ముందు ఆ భాగంలో పాలిష్ గీకేయాలి, లేకపోతే మందు చెక్కదాకా పోదు. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు గోరువెచ్చటి నీళ్లకు నాలుగైదు చెంచాల పలుకులు వేసి కరిగించి, బ్రష్‌తో పూయాలి. మచ్చ ఉన్నంత మేరకే పూస్తే అక్కడొక తెల్లటి దీవి మిగులుతుంది, అందుకే ఆ పలక మొత్తానికి పూయడం మంచిది. ఆరేలోపే నలుపు తగ్గడం కంటికి కనిపిస్తుంది, చూడ్డానికి భలే ఉంటుంది. ఆమ్లం ఇనుమును నీటిలో కరిగే రూపానికి మార్చేస్తుంది కాబట్టి తర్వాత తడిగుడ్డతో తుడిస్తే బయటికి వచ్చేస్తుంది. రెండు మూడు సార్లు మంచినీళ్లతో తుడిచి, వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మళ్లీ మంచినీళ్లతో ఇంకోసారి తుడవాలి. మిగిలిన ఆమ్లం పొడిబారి ఉండగా సాండ్ పేపర్ పడితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. మాస్కు లేకుండా ఆ పని వద్దు.

ఈ పనిలో గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం వాడకండి. దాని తునకలు చెక్క రంధ్రాల్లో ఇరుక్కొని, తడి తగిలినప్పుడల్లా ఒక్కోటి ఒక్కో నల్లచుక్క అవుతుంది. బ్లీచింగ్ పౌడరూ పనికిరాదు. అది రంగుల్ని విరగ్గొడుతుందే గాని ఇనుమును తీయదు. పైగా ఏ ఆమ్లంతో కలిసినా క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపులు మూసిన గదిలోనైతే ప్రాణాల మీదికొస్తుంది.

వేడి గిన్నె దింపితే పడే తెల్లటి వలయానికి ఇంత హైరానా అక్కర్లేదు. అది చెక్కలో లేదు, పైనున్న పాలిష్ పొరలో ఉంది. ఆవిరి ఆ పొరలో చిక్కుకొని వెలుగును చెదరగొట్టడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. పొడి నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడి మీద ఇస్త్రీ పెట్టె రెండు మూడు క్షణాలు ఆనిస్తే చాలాసార్లు పోతుంది.

పసుపు మరక వేరు. నిజామాబాద్ మార్కెట్ దేశానికి పసుపు పంపే చోటు, 2025లో జాతీయ పసుపు బోర్డు కూడా అక్కడే పెట్టారు. అంత పసుపు మధ్య బతుకుతూ కూడా మనం మరక పడగానే సర్ఫు నీళ్లు పోస్తాం. క్షారం తగిలితే పసుపులోని కుర్కుమిన్ ఎర్రబడుతుంది. సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. కుర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. కానీ మీ చెక్కకు వేసింది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్ అయితే మరకతో పాటు పాలిష్ కూడా కరిగి గుడ్డకు వచ్చేస్తుంది. అలాంటప్పుడు ఎండే మేలు. వెలుగుకు కుర్కుమిన్ అణువు విరిగిపోయి రంగు కోల్పోతుంది. పీటైతే ఎండలో పెట్టండి, నేలైతే కిటికీ తెరిచి ఓపిక పట్టండి. ఆవకాయ నూనె మరకలోని ఎరుపు కూడా వెలుగుకు తగ్గుతుంది, నూనెను మాత్రం ముందు సుద్దపొడి చల్లి పీల్పించాలి.

హన్మకొండ కొత్త ఫ్లాట్లలో ‘వుడెన్ ఫ్లోరింగ్’ పేరుతో వేస్తున్నది చాలాచోట్ల లామినేట్. చెక్కపొడిని ఒత్తి చేసిన బోర్డు మీద చెక్క ఫోటో అంటించి, పైన ప్లాస్టిక్ పూత వేస్తారు. దానికి ఆక్సాలిక్ ఆమ్లం, సాండ్ పేపర్ పనికిరావు, గీకితే ఫోటో పోతుంది. మరక సాధారణంగా పై పూత మీదే ఉంటుంది కాబట్టి తడిపి పిండిన గుడ్డ చాలు. అతుకుల్లోంచి నీళ్లు దిగి బోర్డు ఉబ్బిందంటే ఇక తుడిచేదేమీ ఉండదు, ఆ పలక తీసి కొత్తది వేయించుకోవాలి.