తాగేది క్యాన్ నీళ్లు, వండేది బోరు నీళ్లు

మునుగోడు దిక్కు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మేం తాగేది క్యాన్ నీళ్లే కద సార్, మరి మా పిల్లగాని పండ్ల మీద ఈ పసుపు గీతలు ఎందుకొచ్చినయి?" అన్నం ఏ నీళ్లతో వండుతారమ్మా అని అడిగాను. "వంటకు బోరు నీళ్లే సార్, ఎట్లయినా మరుగుతయి కద" అన్నారు. నల్లగొండలో, ఇటు మహబూబ్‌నగర్ వైపు కూడా, ఎన్నో ఇళ్లల్లో ఇదే పద్ధతి. డబ్బు పెట్టి క్యాన్ కొంటారు, దాన్ని గ్లాసుల్లోకే వాడతారు, బియ్యం కడగడానికీ ఎసరుకూ పప్పుకూ చాయకూ బోరు తిప్పుతారు. ఆ "మరుగుతయి కద" దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

ఆ గీతలు ఫ్లోరోసిస్ గుర్తు, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే జబ్బు. మన దగ్గర ఇంతకన్నా వివరించనక్కర్లేదు, మన జిల్లాలోని మర్రిగూడ అంటేనో నాంపల్లి అంటేనో అర్థమైపోతుంది. నల్లగొండ జిల్లాలో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పాదాలు ఎడంగా పోయిన పిల్లల గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే రాశారు. అది పూర్వజన్మ పాపమని, ఊరికి తగిలిన శాపమని అనుకున్న రోజులున్నాయి, ఆ ఊళ్ల పిల్లలకు సంబంధాలు కూడా కుదరని రోజులున్నాయి. ఆ పాపం రాయిదీ నీళ్లదీ తప్ప మనుషులది కాదు. దీన్ని బళ్లో ప్రతి పిల్లవాడికీ చెప్పాలి. మనమేమో కాల్షియం ఫ్లోరైడ్ ఫార్ములా బోర్డు మీద రాయించి, అది మన కాళ్ల కిందే ఉందని చెప్పకుండా తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం.

నిజానికి ఈ కథ మొత్తం ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. ఫ్లోరైడ్‌కు కాల్షియం అంటే విపరీతమైన ఆకర్షణ. రెండూ కలిశాయంటే నీళ్లలో దాదాపు కరగని రాయి అయిపోతాయి. అందుకే ఒకే నీళ్లలో రెండూ ఎక్కువ మోతాదులో ఉండలేవు. కాస్త లెక్క చూడండి, నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. లీటరు నీళ్లలో 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ మహా అయితే 3 మిల్లీగ్రాముల పైచిలుకు దాకా కరగగలదు. కాల్షియం అందులో నాలుగో వంతుకు, అంటే 10కి పడిపోతే ఫ్లోరైడ్ హద్దు రెట్టింపై 6 దాటుతుంది. మన గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. లోతు బోరులో నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాయిని అంటిపెట్టుకుని ఉంటాయి, వాటిలో సోడియం, బైకార్బనేట్ పెరిగే కొద్దీ కాల్షియం సున్నపురాయిగా మారి పక్కకు పోతుంది, ఫ్లోరైడ్‌ను ఆపేవాడు ఇక ఉండడు. సున్నం పేరుకోని నీళ్లు, సబ్బు బాగా నురగొచ్చే నీళ్లు మంచివని మనవాళ్లు బోరును మెచ్చుకుంటారు కదా, అనుమానించాల్సింది ముందు వాటినే. అట్లాగని సున్నం నీళ్లన్నీ క్షేమమనీ కాదు, ఎందుకంటే పైన చెప్పిన 3 మిల్లీగ్రాములే ఎక్కువ.

ఇప్పుడు మరగబెట్టడం సంగతి. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర గట్టిగా పట్టుకుంటుంది, గోరుతో గీకితే పొడిపొడిగా రాలుతుంది, చింతపండు వేసి తోమితే గానీ పోదు. అది కాల్షియం కార్బొనేట్. నీళ్లు మరిగినప్పుడు బైకార్బనేట్‌లోని వాయువు పోయి, కాల్షియం అడుగున కూర్చుంటుంది. ఫ్లోరైడ్ మాత్రం చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది. దాన్ని పట్టుకోగలిగిన కాల్షియాన్ని తీసేశాం, పైగా నీటిని ఆవిరి చేశాం. 3 మిల్లీగ్రాములున్న పది లీటర్లు కాగి ఎనిమిది లీటర్లయితే లీటరుకు 3.75 అవుతుంది. సూక్ష్మజీవుల మీద కాచడం బాగా పనిచేస్తుంది, ఫ్లోరైడ్ విషయంలో మాత్రం ఎదురు తిరుగుతుంది. రాగి బిందెలో రాత్రంతా ఉంచడం, క్యాండిల్ ఫిల్టర్, వేలు పోసి గోడకు బిగించుకునే యూవీ మిషన్, ఇవేవీ ఫ్లోరైడ్‌ను తీయవు. ఆర్ఓ మిషన్‌లో నీళ్లను ఒత్తిడితో వడగట్టే సన్నటి పొర తీస్తుంది. కొనేటప్పుడు షాపులో అడగాల్సింది ఆ ఒక్క మాటే.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే పద్ధతి కూడా పనిచేస్తుంది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) దాన్ని 1970లలో రూపొందించి మన జిల్లా పేరే పెట్టింది. నల్లగొండ టెక్నిక్ పేరుతో అది ఇథియోపియా, టాంజానియా దాకా పోయింది. కానీ మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, కాబట్టి ఇంట్లో అందాజాగా పటిక తిప్పి అదే ఇదనుకోవద్దు.

వంట లెక్క వేద్దాం. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుందనుకోండి. కష్టం చేసే మనిషి రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే ఎసరు 800 మిల్లీలీటర్లు, పప్పూ చారూ కలిపి అర లీటరు, రెండు చాయలకు ఇంకో 200. మొత్తం లీటరున్నర, అంటే 4.5 మిల్లీగ్రాములు. గంజి వార్చే ఇంట్లో కొంత బయటికి పోతుంది, కుక్కర్‌లోనో అత్తెసరుగానో వండితే పోసిందంతా కంచంలోకే వస్తుంది. చాయపత్తిలో సొంతంగా ఉండే ఫ్లోరైడ్‌ను ఇందులో కలపలేదు. రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మూడేళ్ల పిల్లకు అమెరికా నిపుణులు పెట్టిన పైహద్దు 1.3. ఆ పిల్ల పెద్దవాళ్ల తిండిలో నాలుగో వంతు తిన్నా 1.1 లోపలికి పోయింది, ఇంకా చుక్క నీళ్లు తాగనే లేదు. పైగా ముందటి పళ్ల పింగాణీ (పై పొర) చిగుళ్ల లోపల తయారయ్యేది పుట్టిన తర్వాత మొదటి మూడు నాలుగేళ్లలోనే, ఆ గీతలు బయటపడేది ఏడేళ్లకు. ఆ తల్లికి ఇదే చెప్పాను. ఇప్పుడు కనిపిస్తున్నది అప్పటి నీళ్ల లెక్క, మధ్యలో క్యాన్ మొదలుపెట్టినా వంట నీళ్లు మారకపోతే సగం దారి తెరిచే ఉంటుంది.

ఇంకొకటి. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేనిచోట 1.5 వరకు. ఆఫీసులో రెండు లీటర్లు తాగేవాడికి 1.5 అంటే 3 మిల్లీగ్రాములు. ఏప్రిల్ ఎండలో వరి కోతకు పోయి ఆరు లీటర్లు తాగే కూలీకి అవే నీళ్లు 9 మిల్లీగ్రాములు. పరీక్ష కాగితం మీద ఇద్దరికీ 'పర్వాలేదు' అనే ఉంటుంది. నాకు దీని మీద చాలా కోపం.

లోపలికి పోయాక కూడా కథ కాల్షియానిదే. పరగడుపున నీళ్లతో పోయిన ఫ్లోరైడ్ దాదాపు పూర్తిగా రక్తంలోకి చేరుతుంది. అదే పాలు, పెరుగు, తైద (రాగుల) అంబలితో కలిసి పోతే కొంత అక్కడే కాల్షియానికి చిక్కి బయటికి పోతుంది. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పాలిష్ బియ్యంలో 10కి అటూఇటూ. రక్తంలోకి చేరినదాన్ని పెద్దవాళ్లలో దాదాపు సగం మూత్రపిండాలు బయటికి పంపుతాయి, మిగిలింది ఎముకను వెతుక్కుంటుంది, ఎందుకంటే ఒంట్లో అంత కాల్షియం ఉన్నది అక్కడే. ఎముక స్ఫటికంలో హైడ్రాక్సిల్ అనే చిన్న అణువుల జంట కూర్చున్న చోటులో ఫ్లోరైడ్ సరిగ్గా ఇమిడిపోతుంది. ఎక్కువ కాలిన ఇటుకలా ఆ ఎముక గట్టిగానే కనిపిస్తుంది కానీ దెబ్బకు తట్టుకోదు, కీళ్ల దగ్గర, వెన్నులో పెరగకూడని చోట పెరుగుతుంది. చింతపండు గురించి కూడా పోషకాహార సంస్థ పరిశీలించింది, బడి పిల్లలకు రోజూ ఇస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా పోయింది. మూత్రంలో ఆమ్లం తగ్గితే ఫ్లోరైడ్ వెనక్కి రక్తంలోకి ఇంకదు, అందుకు చింతపండు సాయపడుతుంది. అయినా చారు తాగుతున్నాం కదా అని బోరు నీళ్లే వాడుకుంటామంటే కుదరదు.

ఇక డబ్బు. నలుగురున్న ఇంట్లో వంటకు రోజుకు ఆరు లీటర్లు చాలు. 20 లీటర్ల క్యాన్ 15 రూపాయలైతే అది నాలుగున్నర రూపాయలు. ఇంటికి మిషన్ భగీరథ నల్లా, అంటే ప్రభుత్వం పైపుల్లో పంపే నది నీళ్లు వస్తుంటే అది కూడా అక్కర్లేదు, నది నీళ్లలో ఫ్లోరైడ్ మామూలుగా తక్కువే, తాగడానికి క్యాన్ కొనుక్కున్నా వంటకు ఆ నల్లా పట్టుకోండి. బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు, బర్రెలు కడగడానికి ఉంచండి. ఇటు ఈ నాలుగున్నర మిగిలించి అటు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో గోలీలు కొనుక్కునేవాళ్లను మన ఊళ్లల్లో చూస్తూనే ఉన్నాం. ఏళ్ల తరబడి డాక్టర్‌ను అడగకుండా వేసుకునే నొప్పి గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి, కిడ్నీలు దెబ్బతింటే ఫ్లోరైడ్ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది, నొప్పి పెరుగుతుంది, గోలీలూ పెరుగుతాయి.

మీ బోరు సంగతి రుచితోనో రంగుతోనో తేలదు, పరీక్షే చేయించాలి. పాత పరీక్ష కిట్‌లో జిర్కోనియం అనే లోహం కలిసిన ఎర్రటి ద్రావణం ఉంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే జిర్కోనియాన్ని లాక్కుని ఆ ఎరుపును పసుపు వైపు తిప్పేస్తుంది, కళ్లముందే. జిల్లా కేంద్రంలో మిషన్ భగీరథ శాఖ నీటి పరీక్ష ల్యాబ్‌లో అడగండి. నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టుకెళ్లండి, గాజు సీసా వద్దు, బోరు కాసేపు నడిపాకే పట్టండి. బాగుంది, బాగాలేదు అన్న మాటతో వెనక్కి రావద్దు. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంకె రాయించుకోండి, మీ ఇంట్లో ఎవరు ఎన్ని లీటర్లు తాగుతారో దాంతో గుణించాల్సింది మీరే.