"సార్, స్టెప్స్!" అని అరిచేవాళ్ల కోసం

హన్మకొండలో ఏ బాస్కెట్‌బాల్ కోర్టులో రిఫరీగా విజిల్ పట్టుకున్నా నాకు తప్పకుండా వినబడే మాట: "నడిచిండు సార్, స్టెప్స్!" బెంచీ మీది నుంచే కాదు, గోడెక్కి కూర్చున్న పిల్లల నుంచి కూడా. అందరూ కాళ్లనే చూస్తారు. చేతులు చూసేవాళ్లు తక్కువ.

అపోహ: మూడడుగులు పడితే ట్రావెలింగే (బంతి పట్టుకుని నిబంధన దాటి అడుగులేసిన తప్పు).

వాస్తవం: లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్నది ముందు చూడాలి. పరుగులో బంతి చేతికి చిక్కినప్పుడు నేల మీదున్న పాదం లెక్కలోకి రాదు. దాన్నే జీరో స్టెప్ అంటాం. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2017లో దీన్ని నిబంధనల్లో చేర్చింది. మొన్న కాజీపేట కుర్రాడొకడు కుడికాలు నేల మీదుండగా డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ పోవడం) ఆపి బంతి పట్టాడు. ఆ తర్వాత ఎడమ, కుడి, లేఅప్ (బుట్ట దగ్గరికెళ్లి వేసే షాట్). జనం మూడు లెక్కపెట్టారు, నేను రెండు. బాస్కెట్ ఇచ్చాను. అవతలి కోచ్‌కు కోపమొచ్చింది, ఆయన బాధ ఆయనది.

అయితే పాస్ అందుకుని పరుగులోనే డ్రిబుల్ మొదలుపెట్టేవాడు రెండో అడుగు పడకముందే బంతి వదిలేయాలి. మన దగ్గర ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే.

అపోహ: యూరో స్టెప్ మోసం.

వాస్తవం: ఒక అడుగు కుడికి, ఒకటి ఎడమకి. రెండే కదా!

అపోహ: రెండడుగుల్లో ఏ కాలైనా వేయొచ్చు.

వాస్తవం: తొక్కుడుబిళ్ల ఆటలోలా ఎడమ మీద దిగి మళ్లీ ఎడమ మీదే గెంతితే విజిల్ వేస్తాను. మొదటి అడుగు ఒంటికాలి మీద వేసి, ఎగిరి రెండు కాళ్లతో ఒకేసారి దిగడం మాత్రం సరైనదే. కాకపోతే ఆ తర్వాత ఏ కాలితోనూ పివట్ (ఒక కాలు నేల మీద ఆనించి ఉంచి, రెండో కాలితో తిరగడం) చేయకూడదు.

అపోహ: పివట్ కాలు లేస్తే తప్పే.

వాస్తవం: షాట్‌కో పాస్‌కో లేపొచ్చు, ఆ కాలు మళ్లీ నేల తాకేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. డ్రిబుల్‌కైతే ముందు బంతి వదలాలి, తర్వాతే కాలు.

అపోహ: బంతితో కింద పడితే ట్రావెలింగ్.

వాస్తవం: పడొచ్చు, జారొచ్చు. బంతి పట్టుకునే దొర్లినా, లేవబోయినా తప్పు. ఇది నేనూ ఒకసారి తప్పిన. వాన పడి ఆగిన సిమెంటు కోర్టు మీద ఒకమ్మాయి బంతితో గజం దూరం జారి, కూర్చునే పాస్ ఇచ్చింది. అలవాటుగా విజిల్ ఊదేశాను. ఇంటికెళ్లి రూల్‌బుక్ తిరగేశాక మర్నాడు తనకే చెప్పాను. "నేనప్పుడే చెప్పిన కద సార్" అంది.