మాఫీ నుంచి అప్పుకు: అమెరికా పేద బడుల లెక్కల టీచర్ల స్కాలర్‌షిప్‌ల నేపథ్యం

2025 ఏప్రిల్‌లో, సైన్సు పరిశోధనకూ చదువుకూ నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ అయిన అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెయ్యికి పైగా గ్రాంట్లను నడుమలోనే రద్దు చేసింది. పేద పిల్లలు చదివే బడులకు లెక్కల, సైన్సు టీచర్లను తయారుచేసే రాబర్ట్ నాయ్స్ స్కాలర్‌షిప్ గ్రాంట్లు కూడా వాటిలో ఉన్నాయి. తమ ప్రాధాన్యాలకు ఇవి సరిపోవడం లేదన్నది సంస్థ చెప్పిన కారణం. అంతకు రెండు నెలల ముందే విద్యాశాఖ ఉపాధ్యాయ శిక్షణకు ఇచ్చే మరో రెండు పథకాల నిధులను నిలిపివేసింది. ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో ఆ నిలుపుదల కొనసాగడానికి అనుమతించింది. అప్పటి నుంచి వాదనలు ఎక్కువగా నిధుల చుట్టూనే తిరుగుతున్నాయి. ఇలాంటి స్కాలర్‌షిప్ తీసుకునే విద్యార్థి, పేద బడిలో ఇన్నేళ్లు పనిచేస్తానని, లేదంటే డబ్బు తిరిగి కడతానని సంతకం పెట్టే బాండు గురించి మాట్లాడుతున్నవారు తక్కువ. వివాదం మూలం ఆ కాగితంలోనే ఉందని ఈ వ్యాస రచయిత నమ్మకం.

సోవియట్ యూనియన్ తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ప్రయోగంతో అమెరికా ఉలిక్కిపడి సైన్సు చదువులకు డబ్బు కుమ్మరించిన సంగతి అందరికీ తెలిసిందే కనుక దాన్ని వదిలేద్దాం. ఆ ఊపులో వచ్చిన 1958 నాటి చట్టంలోని ఒక్క ఏర్పాటును మాత్రం గుర్తుంచుకోవాలి. చదువుకోసం అప్పు తీసుకున్న విద్యార్థి ప్రభుత్వ బడిలో టీచరుగా చేరితే, పనిచేసిన ప్రతి ఏటికీ అప్పులో పదో వంతు చొప్పున, ఐదేళ్లలో సగం దాకా రద్దయ్యేది. ఆ తర్వాతి కాలంలో పెర్కిన్స్ రుణాలుగా పేరు మారిన ఈ పథకంలో, పేద బడుల్లో పనిచేసిన వారికీ, ఎక్కడైనా లెక్కలు చెప్పిన వారికీ ఐదేళ్లలో అప్పు మొత్తం తీరిపోయేది. మూడేళ్లు చేసి మానేసినా ఆ మూడేళ్ల మాఫీ చేతిలోనే ఉండేది. అంటే పాఠం చెప్పేకొద్దీ అప్పు కరిగేది.

ఈ పద్ధతి 2007లో తిరగబడింది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రెండు చట్టాలు వచ్చాయి. మొదటిది, 2002లో చిన్నగా మొదలైన నాయ్స్ పథకాన్ని విస్తరించింది. ఇంటెల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన నాయ్స్ పేరు మీద నడిచే ఈ పథకంలో, ఒక్క ఏడాది స్కాలర్‌షిప్‌కు రెండేళ్లు అవసరం ఎక్కువగా ఉన్న స్కూలు జిల్లాలో పనిచేయాలి. రెండోది టీచ్ గ్రాంటును సృష్టించింది: ఏటా 4,000 డాలర్ల వరకు ఇస్తారు, చదువు ముగిశాక ఎనిమిదేళ్లలోపు నాలుగేళ్లు పేద బడిలో, లెక్కల వంటి కొరత ఉన్న సబ్జెక్టు చెప్పాలి. రెండింటిలోనూ మాట తప్పితే స్కాలర్‌షిప్ అప్పుగా మారుతుంది. టీచ్ గ్రాంటులోనైతే డబ్బు అందిన రోజు నుంచే వడ్డీ లెక్కగడతారు. టీచ్ గ్రాంటులో మూడేళ్లు చేసి మానేసినవారికి ఆ మూడేళ్లకు దక్కేదేమీ లేదు. పెర్కిన్స్ రుణాలు 2017 సెప్టెంబరు 30తో ముగిసిపోయాయి.

ఈ తిరగబాటు ఖరీదు ఎవరు చెల్లించారో తెలియాలంటే టీచ్ గ్రాంటు వార్షిక ధ్రువపత్రాన్ని చూడాలి. టీచరు ఏటా ఒక ఫారం నింపి, ప్రిన్సిపాల్ చేత సంతకం పెట్టించి, రుణాల వసూలు చూసే సంస్థకు పంపాలి. తేదీ వేయడం మరిచినా, ఫారం గడువు దాటి చేరినా గ్రాంటు అప్పయ్యేది, ఒకసారి అప్పయ్యాక వెనక్కి తిరిగేది కాదు. తరగతిలో నిలబడి రోజూ భిన్నాలు చెబుతున్న మనిషి, టీచరుగా పనిచేయడం లేదన్నట్టుగా వడ్డీతో సహా బాకీదారు అయ్యాడు. ఇలా పొరపాటున మార్చినవి 2,252 ఉన్నాయని కాంగ్రెస్ తరఫున తనిఖీలు చేసే కార్యాలయం 2015లో తేల్చింది. 2014 జూలైకి ముందు సర్వీసు గడువు మొదలైనవారిలో 63 శాతం మంది గ్రాంట్లు అప్పులయ్యాయని 2018లో విద్యాశాఖ చేయించిన అధ్యయనమే చెప్పింది. అందులో నిజంగానే టీచరు ఉద్యోగంలో చేరనివారు, మానేసినవారు చాలామంది ఉన్నారు. ప్రజల సొమ్ముకు జవాబుదారీ ఉండాలన్న అధికారుల మాటలో న్యాయం లేకపోలేదు. అయినా షరతు నెరవేర్చినవారూ, నెరవేర్చబోతున్నవారూ ఆ లెక్కలో గణనీయంగానే ఉన్నారు. 2018 డిసెంబరులో విద్యాశాఖ ఈ కేసులను తిరిగి చూస్తామని ప్రకటించింది. 2021 జూలై నుంచి, వార్షిక ఫారం ఆలస్యమైనంత మాత్రాన గ్రాంటును అప్పుగా మార్చడం ఆపేసింది. ఇంత చిన్న సవరణకు పథకం పుట్టిన నాటి నుంచి పద్నాలుగేళ్లు పట్టింది.

నాయ్స్ పథకం ఈ విషయంలో మెరుగ్గా నడిచింది. అక్కడ డబ్బు యూనివర్సిటీకి వెళుతుంది. విద్యార్థిని ఎంచుకునేదీ, స్కూలు జిల్లాతో కలిసి తరగతిలో నిలబడడం నేర్పేదీ, ఉద్యోగంలో చేరాక సర్వీసు లెక్క చూసేదీ ఆ యూనివర్సిటీ వారే. దూరాన ఎక్కడో ఫారాలు తిరగేసే గుమస్తాకు బదులు పేరు పెట్టి పిలిచే ప్రొఫెసరు ఉంటారు. ఈ టీచర్లు వెళ్లే చోట అలాంటి తోడు తప్పనిసరి. కనీసం ఒక బడిలోనైనా సగం మంది పిల్లలు ఉచితంగానో తగ్గింపు ధరకో మధ్యాహ్న భోజనం పొందే స్థితిలో ఉండాలి, లేదా 34 శాతం మించి టీచర్లు తాము చదవని సబ్జెక్టు చెబుతుండాలి, లేదా గడిచిన మూడు విద్యా సంవత్సరాల్లో టీచర్లు వెళ్లిపోయే రేటు 15 శాతం గానీ అంతకు మించి గానీ ఉండాలి: అవసరం ఎక్కువగా ఉన్న జిల్లాను గుర్తించే కొలతలివి. లెక్కలు చదవని టీచరు ఆల్జీబ్రా చెప్పే బడి అంటే మన పల్లెల్లో చదువుకున్నవారికి వేరే వివరించనక్కరలేదు.

అందుకే గ్రాంటు రద్దు దెబ్బ ఈ పథకానికి మరింత లోతుగా తగిలింది. ఆగిపోయేది రాబోయే బ్యాచ్ డబ్బు ఒక్కటే కాదు, సర్వీసులో ఉన్నవారి వెనుక నిలబడే యంత్రాంగం కూడా. ఒక ఏడాది స్కాలర్‌షిప్ తీసుకున్న విద్యార్థి రెండేళ్లు బాకీ ఉంటుంది. విద్యార్థి మాట తప్పితే ఏం జరుగుతుందో బాండు రూపాయితో సహా చెబుతుంది. ఇచ్చేవాళ్లు నడుమలో చెయ్యి తీసేసినప్పుడు, విద్యార్థి ఎదురుగా మిగిలేది చేయాల్సిన ఏళ్ల లెక్కే.