సింగిల్ విండో ఉంది కదా అని భూమి కొనకండి

వారంలో కనీసం ఇద్దరైనా ఈ మాటతోనే మొదలుపెడతారు: "సార్, ల్యాండ్ కొనేశాను, ఐపాస్‌లో అప్లికేషన్ పెట్టండి." ఐపాస్ అంటే తెలంగాణలో పరిశ్రమల అనుమతులన్నిటికీ ఒకే చోట అప్లై చేసే సింగిల్ విండో. ఏ సర్వే నంబరు, మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ అని అడిగితే మొహం చూస్తారు. పరిశ్రమల అనుమతుల ఫైళ్లు నడపడమే నా పని కాబట్టి, అందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకేసారి రాస్తున్నా.

అపోహ: సింగిల్ విండోలో పెడితే అన్ని అనుమతులూ వచ్చేస్తాయి. గడువు దాటితే డీమ్డ్ అప్రూవల్ (అనుమతి ఇచ్చినట్టే లెక్క) ఎలాగూ ఉంది.

మనవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. తెలంగాణలో 2014లో ఐపాస్ చట్టం వచ్చింది. మెగా ప్రాజెక్టులకు 15 రోజులు, మిగతావాటికి 30 రోజులు గడువు పెట్టారు. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 1,000 రూపాయల జరిమానా కూడా అందులో ఉంది. మంచి సంస్కరణే. పది ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన రోజులు నాకు తెలుసు. కానీ అది తొందరపెట్టేది నిర్ణయాన్ని మాత్రమే. మీ భూమి ఏ జోన్‌లో ఉందన్నది ఆ చట్టం మార్చదు. కాదనాల్సిన ఫైలైతే ఆ కాదు అనే మాటే తొందరగా వస్తుంది, అంతే.

పోయిన వేసవిలో ఒకాయన వచ్చారు. హైదరాబాద్ చుట్టుపక్కల రెండెకరాలు కొని, పేవర్ బ్రిక్స్ యూనిట్ పెడతానన్నారు. షెడ్‌కు అడ్వాన్స్ ఇచ్చేశారు, లోను మాట్లాడుకున్నారు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ తెరిచి చూస్తే ఆ సర్వే నంబరు కన్జర్వేషన్ జోన్‌లో ఉంది, అలాంటి యూనిట్ అక్కడ పెట్టనివ్వరు. "నాలా కట్టిన కద సార్, చలాన్ కూడా ఉంది" అని ఆయన భూమి మార్పిడికి డబ్బు కట్టిన కాగితం తీసి చూపించారు. పక్కన కూర్చున్న ఆయన భార్య మాత్రం ఒక్కటే అడిగారు: "అంటే కట్టలేమా?" ఆ ప్రశ్నకు నెమ్మదిగా జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు.

నాలా వేరు, సీఎల్‌యూ (మాస్టర్ ప్లాన్‌లో భూ వినియోగం మార్పు) వేరు. నాలా రెవెన్యూ వాళ్లది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చినట్టు రికార్డు. మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం దేనికన్నది ప్లానింగ్ వాళ్ల విషయం. దాన్ని మార్చాలంటే ప్రజల అభ్యంతరాలు పిలవాలి, చార్జీలు కట్టాలి, చివరికి ప్రభుత్వం జీవో ఇవ్వాలి. 30 రోజుల గడువును నమ్ముకుని దీనికి దిగకూడదు.

ఇక డీమ్డ్ సంగతి. గడువు లెక్క మొదలయ్యేది అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్న అప్లికేషన్‌కే. షార్ట్‌ఫాల్ (కాగితాల్లో లోపం ఉందన్న నోటీసు) పడిందంటే బంతి మీ కోర్టులోనే ఉన్నట్టు. (నేను కొత్తలో ఒక ఫైల్‌కు పాత పహాణీ అప్‌లోడ్ చేశాను. ఆ క్లయింట్‌కు అనవసరంగా కొన్ని వారాలు పోయాయి. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.) ఇంకోటి, మీరు సంతకం పెట్టే సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే "ఎవరూ చూడరు" అని కాదు. తర్వాత తప్పని తేలితే మొదట పట్టుకునేది మీ సంతకాన్నే.

అందుకే బయానా ఇవ్వకముందే సర్వే నంబరుతో జోన్ చూసుకోండి. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి, డబ్బులేమీ తీసుకోరు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

చిన్న, మధ్యతరహా సంస్థలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు లేదు. 2020 జులై నుంచి నడుస్తోంది, ప్రభుత్వ సైట్‌లో ఉచితం. మూడు వేలు, ఐదు వేలు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు.

"చిన్న యూనిట్‌కు పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) దేనికి?" అంటారు. చిన్నదా పెద్దదా అని కాదు, కాలుష్యాన్ని బట్టి పెట్టిన రెడ్, ఆరెంజ్, గ్రీన్, వైట్ లాంటి కేటగిరీల్లో ఏదన్నది చూడాలి. వైట్ అయితే సులువు. మిగతావాటికి సీఎఫ్ఈ (యూనిట్ కట్టడానికి పీసీబీ అనుమతి) చేతికొచ్చాకే పునాది తీయండి. సీఎఫ్ఓ (యూనిట్ నడపడానికి అనుమతి) ఉత్పత్తి మొదలుపెట్టే ముందు.

"ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్ (సులభంగా వ్యాపారం) ర్యాంకులో ఫస్ట్ వచ్చాం కదా, ఇంకా ఆలస్యమేంటి?" 2016లో ఆంధ్ర, తెలంగాణ కలిసి మొదటి స్థానంలో నిలిచిన మాట నిజమే. ఆ ర్యాంకు సంస్కరణల జాబితా అమలుకు ఇచ్చింది, మీ మండల ఆఫీసుకు కాదు. 2020 జాబితా నుంచి ఒకటి, రెండు అనే వరస కూడా లేదు, గ్రూపులుగా ప్రకటిస్తున్నారు.

ఎంఓయూ వార్తలు చూసి పక్కన భూములు కొనేవాళ్లకు ఏం చెప్పను! ఎంఓయూ (ప్రభుత్వంతో కంపెనీ చేసుకునే అవగాహన ఒప్పందం) ఉద్దేశం చెప్పే కాగితం. ఫ్యాక్టరీ వచ్చేదాకా అది కాగితమే.

కన్సల్టెంట్ తప్పనిసరా అంటే, నా కడుపు కొట్టుకునే మాటే గానీ, చిన్న గ్రీన్ యూనిట్‌కు అక్కర్లేదు. పోర్టల్‌లో మీరే పెట్టుకోవచ్చు. పైరవీ చేస్తానని ముందే డబ్బు అడిగేవాణ్ని ఇంటికి రానివ్వకండి.

ఆ పేవర్ బ్రిక్స్ ఆయన షెడ్ అడ్వాన్స్ సగమే వెనక్కి రాబట్టుకోగలిగారు. ఇప్పుడు ఇంకో స్థలం చూస్తున్నారు. మొన్న ఫోన్ చేసి ముందు సర్వే నంబరు చెప్పారు, తర్వాతే ధర.