స్కాన్ అయిపోయాక మొదలయ్యే పని

పిల్లలూ,

దసరా సెలవుల్లో బాలానగర్ షెడ్డుకి వచ్చినప్పుడు ఒక ప్రశ్న అడిగారు. పార్టీ, అంటే పని ఇచ్చినాయన, ఎదురుగా కూర్చుని ఉండటంతో ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. "స్కానర్ మొత్తం పట్టేసింది కదా పెదనాన్నా, మళ్ళీ కంప్యూటర్లో మొదటి నుంచి ఎందుకు గీస్తున్నావు?" అన్నారు. అసలు పని అంతా ఆ ప్రశ్నలోనే ఉంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మీరు చూసింది రైస్ మిల్లు బేరింగ్ హౌసింగ్, అంటే బేరింగ్‌ని పట్టి ఉంచే గూడు. పోత ఇనుము, చెవిలా బయటికి వచ్చిన ఒక భాగం విరిగింది, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, డ్రాయింగు ఎవరి దగ్గరా లేదు. స్కానర్ దాని మీద లేజర్ గీతలు వేస్తుంది, అందులోని కెమెరాలు ఆ గీత ఎక్కడెంత వంగిందో చూసి, కోణాన్ని బట్టి దూరం లెక్కకడతాయి. మీరు సరదాపడి అంటించిన గుండ్రటి స్టిక్కర్లను చూసుకునే అది తనెక్కడుందో పోల్చుకుంటుంది. ఒకే వరసలో అంటిస్తే తికమకపడుతుందనే అడ్డదిడ్డంగా అంటించమన్నాను. తెల్ల స్ప్రే కొట్టింది మెరిసే చోట్ల కోసం.

ఇంతా చేస్తే చేతికొచ్చేది లక్షల చిన్న చిన్న త్రిభుజాలు. మెష్ అంటాం. స్క్రీన్ మీద అచ్చం ఆ పార్టులాగే ఉంటుంది కానీ, తనలో ఒక రంధ్రం ఉందన్న సంగతి దానికి తెలీదు. ఎం10 (10 మి.మీ.) బోల్టు తీసేసి ఎం12 వేస్తాం, రంధ్రం 11 మి.మీ. నుంచి 13.5 చెయ్యమని పార్టీ అడిగితే మెష్‌లో ఎక్కడ పట్టుకుని సాగదీస్తాం? మేం గీసిన మోడల్‌లో అయితే ఒక్క అంకె మారిస్తే నాలుగు రంధ్రాలూ మారిపోతాయి.

అందుకే ముందు, మిషనింగ్ చేసిన అడుగు ముఖాన్ని ఆధారంగా పెట్టుకుని మెష్‌ని నిటారుగా నిలబెడతాం. తర్వాత కావలసిన చోట అడ్డంగా కోసి, ఆ కోత అంచు మీద గీతలు, వృత్తాలు గీసుకుంటూ పోతాం. రంధ్రాల మధ్య కోణం 89.8 అని వస్తుంది, నేను 90 పెడతాను. పక్కగోడ కొంచెం వాలి ఉంటే దాన్ని మాత్రం నిటారు చెయ్యను, ఎందుకంటే ఆ వాలు ఇసుకలోంచి ప్యాటర్న్ (ఇసుకలో అచ్చు దించే నమూనా) తేలిగ్గా పైకి రావడానికి పోత పోసే ఫౌండ్రీవాళ్ళు కావాలని ఇచ్చింది. ఏది దిద్దాలి, ఏది ముట్టుకోకూడదు అన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. ఆ పార్టు ఎలా తయారైందో తెలిసినవాళ్ళే చెప్పగలరు.

బేరింగ్ కూర్చునే బోరు, అంటే ఆ పెద్ద రంధ్రం చూడండి. స్కాన్‌లో దాని వ్యాసం 52.11 మి.మీ. వచ్చింది. కానీ అందులోంచి తీసిన బేరింగ్ మీద 6205 అని ఉంది, అంటే లోపల 25, బయట 52, మందం 15 మి.మీ. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి బోరు అరిగిపోయింది. కాబట్టి మోడల్‌లో 52 పెట్టి, సున్నా నుంచి 0.03 వరకు ఎక్కువ ఉండొచ్చని డ్రాయింగులో రాశాను.

ఇది నాకు ఊరికే తెలియలేదు. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి హౌసింగే వస్తే, ఒక్క బటన్‌తో మెష్ మీద సర్ఫేస్ కప్పేసి ఇచ్చేశాను. మోడల్‌నీ స్కాన్‌నీ పోల్చే రంగుల పటంలో అంతా ఆకుపచ్చే, అంటే ఎక్కడా తేడా లేదని. చాలా సంతోషపడ్డాను. తీరా ఆ కొత్త హౌసింగులో బేరింగ్ వదులుగా కూర్చుని, బయటి రింగు బోరులోనే తిరగడం మొదలుపెట్టి, సరిగ్గా సీజన్ మధ్యలో మిల్లు ఆగిపోయింది. అరుగుదలని కూడా పొల్లుపోకుండా కాపీ కొట్టాను మరి. ఆ మిల్లాయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటి నుంచి ఆ రంగుల పటంలో అరిగిన చోట నీలం కనిపిస్తేనే నాకు ధైర్యం. అక్కడ స్కాన్‌లో లోహం తక్కువుంది, మోడల్‌లో ఉండాల్సినంత ఉంది అని అర్థం. అక్కడ కూడా ఆకుపచ్చే ఉంటే రంధ్రం లోపలి కొలత తీసే బోర్ గేజ్ మళ్ళీ తీస్తాను, ఎందుకంటే లోతైన బోరులోకి లేజర్ సరిగా వెళ్ళదు, అక్కడ స్కాన్ అంకెని నేను నమ్మను.

ఆ హౌసింగ్ పార్టీకి ఇచ్చేశాం కానీ, మెష్ ఫైలు మీకోసం ఉంచాను. విరిగిన చెవి అందులో లేదు, ఎదుటి చెవిని చూసి మీరే గీయాలి. సంక్రాంతికి వచ్చేలోపు ఇలా మోడల్ గీసే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకుని, కాస్త వెర్నియర్ చదవడం నేర్చుకుని రండి.

మీ పెదనాన్న